తూర్పు తార: ఒక చిహ్నం చరిత్ర

మత చిహ్నాలు ఆకాశం నుంచి ఊడిపడవు. మనుషులే చేసుకుంటారు. చేసిన చేతులు మరుగున పడ్డాక అవి అనాదిసిద్ధమని చలామణీ అవుతాయి. చేసిన చేతులు ఇంకా స్పష్టంగా కనబడే చిహ్నం ఒకటుంది. దాని కథ మన సోమలకు ఇరుగైన మదనపల్లెలోనే మొదలవుతుంది.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణ తర్వాత 1909లో పిల్లలతో మద్రాసులోని అడయారు చేరాడు. సముద్రతీరాన ఆ కుర్రవాణ్ణి చూసిన లెడ్‌బీటర్, రాబోయే జగద్గురువుకు తగిన దేహం ఇదేనన్నాడు. గురువు దొరికాడు, ఇక సంఘం కావాలి, గుర్తు కావాలి.

1911 మొదట్లో కాశీలో అరండేల్ పెట్టిన సంఘం పేరు 'ఉదయిస్తున్న సూర్యుడు'. ఆ ఏడాదిలోనే అనీబిసెంట్ దాన్ని 'తూర్పు తార' సంఘంగా మార్చింది. ఈ మార్పును తేలిగ్గా తీసుకోరాదు. క్రీస్తు, మైత్రేయుడు ఒకే గురువని వారి సిద్ధాంతం. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రం బైబిలు చదివిన ప్రతివాడికీ తెలుసు. భారతీయ బాలుణ్ణి ఐరోపా సభ్యుల ముందు నిలబెట్టడానికి సూర్యుడికంటే ఆ తారే అక్కరకొచ్చిందని నా అభిప్రాయం.

సంఘానికి చందా లేదు, నియమాలు లేవు. సభ్యుడికొక పత్రం, ధరించడానికి ఐదు కోణాల వెండి నక్షత్రం. దీక్షా సమయంలో నక్షత్రం మెరుస్తుందని లెడ్‌బీటర్ రాశాడు. అంటే నియమాలు చేయవలసిన పనిని కూడా ఆ పిన్నే చేసింది. ఈలోగా కన్నతండ్రి కొడుకుల కోసం 1912లో కోర్టుకెక్కాడు. మద్రాసులో గెలిచి, 1914లో ప్రివీ కౌన్సిల్‌లో ఓడాడు. నక్షత్రపు తళుకులో ఆయన ఎవరికీ కనబడలేదు.

ఐదు కోణాలకు స్వతహాగా ఏ అర్థమూ లేదు. 1918లో అవే కోణాలు ఎర్రరంగు పూసుకుని సోవియట్ సైనికుడి టోపీ ఎక్కాయి. ఒకచోట అవతార పురుషుడి కోసం నిరీక్షణ, మరొకచోట కార్మిక కర్షకుల రాజ్యం! రేఖాగణితం ఒకటే, ధరించిన మనుషులు వేరు.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, దాదాపు 3000 మంది ఎదుట, కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేశాడు. కానుకగా వచ్చిన కోట, భూములు చాలావరకు దాతకు తిరిగి వెళ్లాయి. తార మాత్రం వెంటనే అస్తమించలేదు. గురుత్వాన్ని తిరస్కరిస్తూ ఆయన చేసిన ప్రసంగాలను ఆ తర్వాత కొన్నేళ్లు అచ్చువేసింది 'స్టార్ పబ్లిషింగ్ ట్రస్టే'.