ఊళ్లు కూల్చే వేషం

ఫాల్గుణం వస్తే దంతెవాడలో వేట మొదలవుతుంది. విల్లంబులు పట్టుకుని అడవికి పోయే వేట కాదిది. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఉన్న దంతేశ్వరీ గుడి దగ్గర, ఫాగున్ మడై జాతరలో, రాత్రిపూట ఆడే వేట. చుట్టుపక్కల ఊళ్ల జనం తమ తమ దేవుళ్లను వెంటబెట్టుకుని మరీ వస్తారు. ఒక రాత్రి లమ్హామార్, అంటే కుందేలు వేట. ఇంకో రాత్రి కోడ్రీమార్, మొరిగే జింక వేట. ఆపైన చీతల్‌మార్, చుక్కల దుప్పి వేట. అన్నిటికన్నా పెద్దది గవర్‌మార్, అడవిదున్న వేట. జంతువును ఎక్కడినుంచీ పట్టుకురారు. మనుషుల్లోనే ఒకరు దాని వేషం కడతారు, మిగతావాళ్లు తరుముతారు. దున్న పడక తప్పదని అందరికీ తెలుసు. అయినా చూపులన్నీ దున్న వేషగాడి మీదే ఉంటాయి, వేటగాళ్ల మీద కాదు.

కొండంత మృగాలు నగరాలను నేలమట్టం చేసే వీడియో గేముల పుట్టుక చెప్పేవాళ్లు మామూలుగా 1933 నాటి కింగ్ కాంగ్ దగ్గరో, 1954 నాటి గాడ్జిల్లా దగ్గరో మొదలుపెడతారు. మృగం ఎక్కడినుంచి వచ్చిందో తెలియడానికి అది చాలు. మనం దాని తోలులోకి ఎలా దూరామన్నది మాత్రం అక్కడ దొరకదు. సినిమాలో మనం పారిపోతున్న జనం పక్షాన ఉంటాం. ఆటలో మృగమే మనం. నా లెక్కన ఈ ఆటల అసలు పూర్వీకులు తెర మీద లేరు, వేషగాళ్లలో ఉన్నారు. దసరాకు ఒళ్లంతా పసుపు, నలుపు చారలు పూసుకుని డప్పుల మధ్య ఎగిరే పులివేషగాడిని అడిగితే ఆ సుఖమేమిటో చెబుతాడు.

వేషం హద్దు దాటితే ఏమవుతుందో తంజావూరు జిల్లా మెలట్టూరులో చూడొచ్చు. నాయకరాజుల కాలంలో అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు నేటికీ తెలుగులోనే భాగవతమేళ నాటకాలు ఆడతాయి. నృసింహ జయంతికి ప్రహ్లాద చరిత్రము. నరసింహుడి ముఖోటాకు పూజలు జరుగుతాయి. దాన్ని ధరించే వ్యక్తి ఆ రోజు ఉపవాసం ఉంటాడు. స్తంభం నుంచి బయటికి వచ్చాక అతనికి ఆవేశం వస్తుంది, హిరణ్యకశిపుడి పాత్రధారి మీదికి నిజంగానే ఉరుకుతాడు. అందుకే వెనకనుంచి నలుగురు పట్టుకుని ఆపుతారు. వేషం మనిషిని నడపడం మొదలుపెడితే వేషగాడి అదుపు తప్పుతుందన్న ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 1981లో కాలిఫోర్నియాలో ఇది కంప్యూటర్ ప్రోగ్రాముగా తిరిగి వస్తుంది.

ముందు సినిమా సంగతి కానిద్దాం. కింగ్ కాంగ్‌లో వేషగాడు లేడు. విల్లిస్ ఒబ్రయన్ అడుగున్నర ఎత్తు బొమ్మను ఫ్రేముకు కాస్తంత చొప్పున కదిలిస్తూ తీశాడు. 1952లో ఆ సినిమా మళ్లీ విడుదలై బాగా ఆడింది, అమెరికాలో మృగాల సినిమాలకు గిరాకీ పుట్టింది. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద రాలింది. పడవలో ఉన్నవాళ్లు 23 మంది. రేడియో ఆపరేటరు కుబొయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న గాడ్జిల్లా థియేటర్లలోకి వచ్చింది. దర్శకుడు ఇషిరో హోండా. ట్రిక్కులు ఎయ్జి త్సుబురాయా. కాంగ్ పద్ధతిలో బొమ్మతో తీయాలని త్సుబురాయాకు మనసు, కానీ అందుకు తగ్గ టైము లేదు. దాంతో హరువొ నకజిమా అనే నటుడికి దాదాపు వంద కిలోల రబ్బరు తొడుగు తొడిగారు. మృగం నడక ఎలా ఉండాలో తెలుసుకోవడానికి అతను టోక్యో జూకు వెళ్లి ఏనుగుల్ని, ఎలుగుబంట్లను చూస్తూ కూర్చున్నాడు. సెట్టు మీద ఇళ్లు ఇరవై అయిదో వంతు సైజులో కట్టినవి. కెమెరాను వేగంగా తిప్పి, తెర మీద మామూలు వేగంతో చూపించారు. కూలే గోడ నెమ్మదిగా పడుతుంది, అప్పుడే కంటికి బరువు తెలుస్తుంది. ఈ మర్మం తెలియక తర్వాత ఎన్నో గేములు తేలిపోయాయి. అట్టపెట్టెలా ఠక్కున కూలితే ఎన్ని అంతస్తులైనా ఒకటే.

ఆ సినిమా చూసిన జపాన్ జనానికి ఊరు తగలబడటం ఊహ కాదు. 1945 మార్చిలో ఒక్క రాత్రి బాంబు దాడిలో టోక్యోలో దాదాపు లక్ష మంది పోయారు. అందుకే మొదటి గాడ్జిల్లాలో నవ్వులాట లేదు. ఆస్పత్రి నేల మీద పిల్లలు, శవాలు, ఏడుపులు. ఏళ్లు గడిచేకొద్దీ నగరం లేచింది, భయం తగ్గింది, మృగం పిల్లల నేస్తమైంది. నకజిమా 1972 దాకా పన్నెండు సినిమాల్లో అదే తోలు తొడిగాడు.

నగరం లేచింది అన్నాను కదా. లేవడానికి ఉక్కు కావాలి, ఉక్కుకు ఇనుప ఖనిజం కావాలి. అది వెతుక్కుంటూ జపాన్ వాళ్లు వచ్చి చేరిన చోట్లలో దంతెవాడ బైలాడీలా కొండలు ఒకటి. 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. అరకు వెళ్లేటప్పుడు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మనం ప్రయాణించేది ఆ లైను మీదే. 1968 ఏప్రిల్‌లో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ పద్నాలుగో నంబరు గనిలో తవ్వకం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో గాడ్జిల్లా తీసిన తొహో స్టూడియో తన మృగాలను పోగేసి 'డిస్ట్రాయ్ ఆల్ మాన్‌స్టర్స్' విడుదల చేసింది. అందులో గాడ్జిల్లా న్యూయార్క్ మీద, రోడాన్ మాస్కో మీద పడతాయి, తర్వాత కొన్ని కలిసి టోక్యో మీద పడతాయి. దంతెవాడ ఇనుము ఏ మేడలోకి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు గానీ, తెర మీద టోక్యో కూలుతున్న కాలంలోనే ఇక్కడి కొండ కరిగి అక్కడి కొలిముల్లోకి పోతోందన్నది మాత్రం నిజం.

ఇక 1981. కాలిఫోర్నియాలో ఆటోమేటెడ్ సిమ్యులేషన్స్ అనే చిన్న కంపెనీ, తర్వాత ఎపిక్స్‌గా పేరు మోసినదే, 'క్రష్, క్రంబుల్ అండ్ చాంప్!' అనే గేమ్ తెచ్చింది. ఆడటానికి ఆపిల్ 2, అటారీ, టీఆర్‌ఎస్-80 కంప్యూటర్లు. (టీఆర్‌ఎస్ అంటే ఒకప్పటి మన పార్టీ కాదు, రేడియో షాక్ వాళ్ల యంత్రం.) ముందు మృగాన్ని ఎంచుకోవాలి. బల్లి లాంటి గొషిల్లా ఉంది, సాలీడు ఉంది, జిగురుముద్ద ఉంది, మరమనిషి ఉంది. గొషిల్లా ఎవరి చుట్టమో పేరే చెబుతుంది. తర్వాత నగరం: న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్, టోక్యో. బొమ్మలు నామమాత్రం, గళ్ల మీద చుక్కలు, గీతలు. కీబోర్డు మీద ఒక్కో అక్షరానికి ఒక్కో పని: కూల్చు, పట్టుకో, తిను. పోలీసులు వస్తారు, సైన్యం వస్తుంది, పిచ్చి శాస్త్రవేత్త కూడా వస్తాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆకలి నియమం. మనుషుల్ని తింటూ ఉండకపోతే మృగానికి ఆకలి ముదురుతుంది, ముదిరితే ఆటగాడి మాట వినదు, తన ఇష్టానికి తాను పోతుంది. మెలట్టూరులో నలుగురు పట్టుకుని ఆపేది సరిగ్గా దీన్నే. ఇక్కడ ఆపేవాళ్లు లేరు, అంతే తేడా.

అదే ఎపిక్స్ 1986లో తొహో అనుమతి తీసుకుని గాడ్జిల్లాను అసలు పేరుతోనే 'ద మూవీ మాన్‌స్టర్ గేమ్'లో పెట్టింది. కానీ ఆ ఏడాది జనం గుర్తుపెట్టుకున్నది దాన్ని కాదు. షికాగోలో బ్యాలీ మిడ్‌వే కంపెనీకి బ్రయన్ కొలిన్, జెఫ్ నామన్ కలిసి తయారుచేసిన 'రాంపేజ్'ను. నాణెం వేసి నిలబడి ఆడే పెట్టె. దానికి మూడు జాయ్‌స్టిక్కులు, అంటే ముగ్గురు పక్కపక్కనే భుజాలు తగిలించుకుంటూ ఆడొచ్చు. జార్జ్ కోతి, లిజీ బల్లి, రాల్ఫ్ తోడేలు. మేడ ఎక్కడం, గోడ గుద్దడం, కిటికీలోంచి మనిషిని లాగి నోట్లో వేసుకోవడం, మేడ కూలేలోపు దూకడం. ఇలినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊరితో మొదలై 128 రోజులు, రోజుకో ఊరు. లోకాన్ని కాపాడే బాధ్యత ఏమీ లేదు. పక్కవాడి మృగాన్ని గుద్దినా అడిగే దిక్కు లేదు. స్నేహితులు పోట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు ఆ రోజుల్లో ఆర్కేడులో దొరికి ఉండదు.

ఈ ముగ్గురూ పుట్టుకతో మృగాలు కారు. ఒకడికి ప్రయోగశాల విటమిను వికటించింది, ఒకామె అణుధార్మికత కలిసిన చెరువులో ఈతకు దిగింది, ఇంకొకడు ఏదో కలిసిన తిండి తిన్నాడు. అందుకే దెబ్బలు తిని బలం అయిపోతే మృగం చావదు, కుంచించుకుపోయి మనిషవుతుంది. ఒంటి మీద నూలుపోగు లేక, చేతులు అడ్డం పెట్టుకుని, సిగ్గుతో పక్కకు నడుస్తూ తెర దాటిపోతాడు ఆ బక్కప్రాణి. పక్కనున్న ఆటగాడికి మనసైతే అతణ్ని తీసి మింగనూ వచ్చు. ఇందులో మనకు కొత్తేమీ లేదు. రామాయణం అరణ్యకాండలో విరాధుడనే రాక్షసుడు శాపం తగిలిన తుంబురుడు. కబంధుడు కూడా శాపగ్రస్తుడే. చావు దెబ్బ తగిలాక పాత రూపం వస్తుంది. తేడా ఏమిటంటే వాళ్లకు దివ్యదేహం, కబంధుడికైతే విమానం కూడా దొరుకుతాయి. జార్జ్‌కు చేతులే గతి.

1989లో మాక్సిస్ కంపెనీకి విల్ రైట్ చేసిన 'సిమ్‌సిటీ' పీట తిరగేసింది. అందులో ఆటగాడు మేయరు, మృగం వచ్చేది ఉపద్రవంగా. 1957 నాటి టోక్యో మీద మృగం పడే ఘట్టం ఒకటి విడిగా ఇచ్చారు. ఆ మృగానికి ఒక గుణం ఉంది: కాలుష్యం ఎక్కువగా ఉన్నవైపే నడుస్తుంది. బైలాడీలా ఖనిజం కడిగిన బురదతో శంఖిని ఎర్రగా పారడం చూసినవాళ్లకు ఆ గుణం తమాషాగా అనిపించదు.

తర్వాతివి గబగబా చెప్పేస్తాను, చాలావరకు పాత పద్ధతులకే కొత్త రంగులు. 1991లో ఎస్‌ఎన్‌కే 'కింగ్ ఆఫ్ ద మాన్‌స్టర్స్' నగరాన్ని కుస్తీ గోదాగా మార్చింది. మేడలు అక్కడ తొక్కడానికే. 1997లో 'రాంపేజ్ వరల్డ్ టూర్'. 2002లో వచ్చిన గాడ్జిల్లా గేము 1968 సినిమా పేరే పెట్టుకుంది. 2003లో ప్లేస్టేషన్ 2 మీద 'వార్ ఆఫ్ ద మాన్‌స్టర్స్', 1950ల డ్రైవ్‌ఇన్ సినిమాల మీద ప్రేమలేఖ, వీటిలో నాకు నచ్చింది ఇదొక్కటే. 2018లో రాంపేజ్ సినిమా అయింది, అందులో డ్వేన్ జాన్సన్ ముందు కోతికి నటించడానికి పెద్దగా మిగల్లేదు. 2022లో మలేసియా వాళ్లు 'గిగాబాష్' తెచ్చారు. అందులో ఒక మృగం కాంక్రీటు భవనమే, లేచి నిలబడి పక్క భవనాలను కొడుతుంది.

తెలుగునేలకు ఈ ఆటలు రావడం ఆలస్యమైంది. 90ల్లో కాసెట్ పెట్టి ఆడిన టీవీ గేముల్లో కాంట్రాదీ మారియోదీ రాజ్యం. మృగం వేషం కట్టే ఆటకు దగ్గరగా మన దగ్గర తయారైంది 2009లో, హైదరాబాదులో. ఆరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్'ను సోనీ ప్లేస్టేషన్ 2కు విడుదల చేసింది. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి పీఎస్2 గేమ్ అని చెప్పుకున్నారు. కొండంత పెరిగి, పిల్లి అంత తగ్గి, తోకతో ఒక నగరాన్ని తగలబెట్టిన వానరుడికన్నా ఈ రకం ఆటకు తగ్గ నాయకుడు ఎవరుంటారు? కానీ వాళ్లు బాలహనుమంతుణ్ని ఎంచుకుని గెంతులు, గద యుద్ధాలతో సరిపెట్టారు. ఆట కూడా అంతంతమాత్రమే. గొడవ మాత్రం పెద్దదే వచ్చింది. అమెరికాలో ఉండే రాజన్ జెడ్ అనే హిందూ ప్రతినిధి, దేవుడి కదలికలు ఆటగాడి చేతిలోని బటన్లకు లోబడటం అపచారమనీ, గేమును వెనక్కి తీసుకోవాలనీ అన్నాడు.

ఆయన బాధ అర్థం కానిది కాదు. మెలట్టూరు ముఖోటాకు ఉపవాసం ఉంది, పూజ ఉంది, వెనక పట్టుకునే చేతులున్నాయి. రిమోటు పట్టుకున్న కుర్రాడికి అవేవీ లేవు. అయినా తెలుగు వీధుల్లో హనుమంతుడి వేషం ఎవరైనా కట్టారు. పగటివేషగాళ్లు తోక చుట్టుకుని దుకాణాల ముందు కుప్పిగంతులు వేసి అర్ధరూపాయి అడిగారు, కిచకిచలాడి పిల్లల్ని బెదిరించారు. దాన్ని అపచారమని ఎవరూ అనలేదు. బటన్లకు లోబడటం కన్నా అర్ధరూపాయికి లోబడటం గొప్పేమీ కాదు కదా.

దేవుడితో చిక్కనుకుంటే రాక్షసుడు ఉన్నాడు, అదీ దంతెవాడ ఉన్న ఈ దండకారణ్యపు వాడే. కబంధుడికి తల లేదు, మెడ లేదు. కడుపులో నోరు, రొమ్ము మీద ఒకే కన్ను. ఇంద్రుడి వజ్రం దెబ్బకు తల ఒంట్లోకి దిగిపోయాక, ఇలా అయితే ఎలా తిని బతకాలని అడిగితే యోజనం పొడుగు చేతులు ఇచ్చారట. కదలకుండా కూర్చుని ఏనుగుల్నీ ఎలుగుల్నీ అందినకాడికి లాక్కుని తింటాడు. గేమ్ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆకలి ఉంది, అందే దూరం ఉంది, ఓడితే శాపవిమోచనం ఉంది. నడవలేని మృగానికి నగరం ఎలా దొరుకుతుందంటారా? దంతెవాడలో అది చిక్కే కాదు. బచేలీ, కిరండూల్ టౌన్‌షిప్పులు, ఖనిజం రైలు, రోడ్డు అన్నీ అడవిలోకి వాటంతటవే వస్తాయి. ఆటగాడు తేల్చుకోవాల్సింది ఏది ముందు లాక్కోవాలన్నదే. రామలక్ష్మణులు మాత్రం మూడో లెవెల్ దాకా రాకూడదు, లేకపోతే ఆట మరీ తొందరగా అయిపోతుంది.