జ్వరం రాని మలేరియా: మన్యం చెప్పే పాఠం

గిరిజన పోరాటాల చరిత్రలో వీరుల పేర్లు మనకు తెలుసు. ఆ చరిత్ర పొడుగునా నడిచిన చలిజ్వరం గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం.

1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచినప్పుడు, అణచడానికి మైదానాల నుంచి వచ్చిన సైనికులు మలేరియాతో మంచం పట్టారు. అక్కడే పుట్టి పెరిగిన కోయలు, కొండరెడ్లకు ఆ జ్వరం అంత తీవ్రంగా వచ్చేది కాదు. అడవే కాపాడిందని మురిసిపోతాం. కానీ ఆ ఓర్పు ఊరికే రాలేదు. చిన్నప్పటి నుంచి మళ్లీ మళ్లీ మలేరియా సోకి, బతికి బయటపడిన వారికే అది దక్కింది. బతకని పసిబిడ్డల లెక్క ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు.

పైగా ఆ ఓర్పు క్రిమిని చంపదు, జ్వరాన్ని అణచి ఉంచుతుంది, అంతే. మనిషి పొలం పనికి వెళ్తూనే ఉంటాడు, క్రిమి రక్తంలో దాగి ఉంటుంది. అతన్ని కుట్టిన దోమ పక్కింటి పాపను కుడుతుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే.

1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ చల్లడంతో 1965 నాటికి కేసులు లక్ష దాకా తగ్గాయి. ఇక పోయినట్టే అనుకుని పట్టు సడలించాక, 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. కనిపించని చోట మిగిలిన జబ్బు మళ్లీ లేస్తుందని ఆ అంకెలే చెబుతున్నాయి.

ఈ పాఠాన్ని మన పొరుగువారు ముందే గుర్తించారు. ఒడిశా 2017 నుంచి మారుమూల పల్లెల్లో, ఛత్తీస్‌గఢ్ 2020 నుంచి బస్తర్‌లో, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్షలు చేయించాయి. బస్తర్‌లో మలేరియా తేలినవారిలో ఎక్కువ మందికి ఏ లక్షణమూ లేదు. బస్తర్‌కు ఆనుకుని ఉన్న చర్ల, వెంకటాపురం పల్లెలకు అటు నుంచి చుట్టాలు వస్తారు, మిరప కోతలకు కూలీలు వస్తారు. క్రిమికి సరిహద్దు లేదు.

మన బాన్సువాడ ప్రాంతమూ మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరే. మన తండాల నుంచి పనులకు దూరం వెళ్లి వచ్చేవారు ఉన్నారు. కాబట్టి యువతకు మా మాట ఇది: మలేరియా ఉన్న ప్రాంతం నుంచి తిరిగి వచ్చినవారిని, ఒంట్లో బాగానే ఉన్నా, ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి. మలేరియా తేలితే, డాక్టరు చెప్పినన్ని రోజులూ మందులు మింగించండి. రాత్రి దోమతెర కట్టించండి, ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి.

తాతలు జ్వరాన్ని ఓర్చుకుని బతికారు. ఓర్చుకోవాల్సిన అవసరమే మన పిల్లలకు రాకూడదు.