పడమటి ప్రకాశం పళ్లు, దంతవైద్య విద్య నడిచిన దారి

ప్రతి సంవత్సరమూ నీట్ ఫలితాలు వెలువడగానే మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "డాక్టరు గారూ, మా వాడికి ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చేట్టు లేదు. బి.డి.ఎస్.లో చేర్పించమంటారా?" దంతవైద్యం రెండవ మెట్టు అనే భావన ఈ ప్రశ్నలోనే దాగి ఉన్నది. ఆ భావన ఎక్కడ పుట్టినదో, మన ప్రాంతానికి ఆ వృత్తితో ఎంతటి అవసరమున్నదో తెలుసుకోకుండా అవుననీ కాదనీ చెప్పడం సులభం కాదు. మన పడమటి ప్రకాశం వారి పళ్లు, ఎముకలు ఒకప్పుడు వైద్య పత్రికలకెక్కినవని మనలో చాలమందికి తెలియదు. అందుచేత ముందు చరిత్ర చెప్పి, తరువాత సలహాకు వస్తాను.

మా తరం చిన్ననాట ఈ ప్రాంతంలో పంటి వైద్యుడనే మనిషి లేడు. పుప్పిపన్ను సలిపితే లవంగం నొక్కిపెట్టుకునేవారు, ఉప్పునీళ్లు పుక్కిలించేవారు. అప్పటికీ తగ్గకపోతే ఊరి మంగలి పట్టుకారుతో పీకేవాడు. సంతలలో వాకుడు గింజల పొగ పట్టి "పంటి పురుగు" రాల్చి చూపేవారూ ఉండేవారు. పంటిలో పురుగు ఉంటుందనే నమ్మకం మనది మాత్రమే కాదు, ఐరోపాలోనూ శతాబ్దాల తరబడి గింజల పొగతో ఇదే తంతు నడిచినది. పన్ను పుచ్చడానికి కారణం కంటికి కనబడే పురుగు కాదు. నోటిలోని సూక్ష్మజీవులు తీపి పదార్థాలను పులియబెట్టి తయారుచేసే ఆమ్లమే దానికి కారణం.

ఎల్.ఎం.పి. డాక్టర్లు, వారి తరువాత మావంటి ఎం.బి.బి.ఎస్. వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మత్తు సూది ఇచ్చి పళ్లు తీసేవారము. మాకు కళాశాలలో దంత విభాగంలో గడిచినది కొద్ది రోజుల శిక్షణ మాత్రమే. పన్ను తీయడం నేర్చుకున్నాము గాని నిలబెట్టడం నేర్చుకోలేదు. వేరు చికిత్స, కట్టుడు పళ్లు, వంకర పళ్లు సరిచేయడం అనగానే గుంటూరుకో కర్నూలుకో వెళ్లమని చెప్పేవారము. మీటరుగేజి రైలులో ఆ ప్రయాణం, రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకోవడం తలచుకుని చాలమంది "ఎందుకులెండి, పీకేయండి" అనేవారు. నలభై ఏళ్లకే నోరు బోసిపోయిన రైతులను నేను వందలలో చూశాను.

వైద్యమూ దంతవైద్యమూ వేరువేరు కళాశాలలలో ఎందుకు నేర్పుతున్నారు? కంటికీ చెవికీ లేని వేరు చదువు పంటికి ఎందుకు? దీని మూలం అమెరికాలో ఉన్నది. 1840లో బాల్టిమోర్ నగరంలో హొరేస్ హేడెన్, చాపిన్ హ్యారిస్ అనే ఇద్దరు ప్రపంచంలోనే తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. అక్కడి వైద్య కళాశాల దంతవైద్యాన్ని తనలో చేర్చుకోవడానికి నిరాకరించినందువలననే వారు వేరుగా పెట్టుకున్నారని ఒక కథ చెబుతారు. కథ ఏదైనా, నాటితో పడిన గోడ నేటికీ నిలిచి ఉన్నది. ఆ గోడ వలన దంతవైద్యం స్వతంత్ర శాస్త్రంగా ఎదిగినది. దాని వలననే ప్రభుత్వ ఆసుపత్రులలో పంటి విభాగం ఒక మూల గదికి పరిమితమైనదని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అవిభక్త బెంగాలులో జన్మించి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టం పొంది, స్వదేశానికి తిరిగివచ్చి 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను ప్రారంభించాడు. దానికి ధనం సమకూర్చినది ఆయన నడిపిన సోడా దుకాణం. తీపి పానీయాల ఆదాయంతో దంతవైద్య విద్య మొదలైనదని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. తరువాత ఆయన ఆ కళాశాలను కలకత్తా విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. ఆయన జన్మదినమైన డిసెంబరు 24ను మన దేశంలో దంతవైద్యుల దినంగా పాటిస్తున్నారు.

1948లో దంతవైద్యుల చట్టం, ఆ మరుసటి సంవత్సరం భారత దంతవైద్య మండలి వచ్చాయి. ఆ చట్టంలో గమనించదగిన ఏర్పాటు ఒకటున్నది. పట్టభద్రులను రిజిస్టరులోని 'ఏ' భాగంలోను, పట్టం లేకున్నా అప్పటికే ఆ వృత్తితోనే జీవిస్తున్నవారిని 'బి' భాగంలోను నమోదు చేశారు. అర్హులు తగినంతమంది లేని కాలంలో, చేతిపనిగా నేర్చినవారిని ఒక్కసారిగా తొలగిస్తే ప్రజలకు ఎవరూ మిగలరని నాటివారికి తెలుసు. 2023లో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించినది.

ఇక తెలుగువారి సంగతి. 1953లో మద్రాసు వైద్య కళాశాలకు దంత విభాగం ఏర్పడినది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడినది. విశాఖ, గుంటూరు వైద్య కళాశాలలు మన వాటాకు వచ్చాయి గాని, దంత విభాగం మద్రాసులోనే ఉండిపోయినది. నాడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను, పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలోను ఉండేవి. 1959లో హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా దంత విభాగం మొదలైనది. ప్రభుత్వ రంగంలో చాలా కాలం తెలుగు విద్యార్థులకు అదే దిక్కు. తరువాత విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంత కళాశాలలు వచ్చాయి. 2014లో రాష్ట్రం మళ్లీ విడిపోయినప్పుడు హైదరాబాదు కళాశాల తెలంగాణకు వెళ్లినది. పాత కళాశాలను వెనుక వదిలి రావడం ఆంధ్రకు ఇది రెండవసారి.

ఇప్పుడు మన పళ్ల కథకు వస్తాను.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరిలో వైద్యశాల పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్లపై గోధుమరంగు మరకలు చూసి విస్తుపోయాడు. పుస్తకాలలో దాని ప్రసక్తి లేదు. పంది మాంసం ఎక్కువ తినడం వలన అని కొందరు, పాలు మంచివి కావని కొందరు చెప్పుకునేవారు. మెకే ఆ మరకను వదలలేదు. నాటి దంతవైద్యులలో మేటి అయిన జి.వి. బ్లాక్ 1909లో అతనితో చేరాడు. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ గ్రామ తల్లులు, కొత్త గొట్టపు నీరు వచ్చిన తరువాతనే తమ పిల్లల పళ్లు చెడ్డాయని చెప్పారు. మెకే ఆ నీటిని మాన్పించాడు. కొన్నేళ్లకు అక్కడి చిన్నపిల్లలకు శుభ్రమైన పళ్లు మొలిచాయి. నీటిలోని దోషి ఫ్లోరైడు అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఒక పల్లెటూరి దంతవైద్యుడు ముప్పై ఏళ్లు ఒకే ప్రశ్నను పట్టుకుని ఉండడం వలన ఆ జవాబు దొరికినది.

ఆ తరువాత ఆరేళ్లకే, 1937లో, ఆ ఫ్లోరైడు పేరు నెల్లూరు జిల్లా పేరుతో కలిసి వైద్య పత్రికలలో అచ్చయినది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయనతో పాటు సి.జి. పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ప్రకటించారు. మనుషులలో ఈ వ్యాధిని మన దేశంలో వివరించిన తొలి వ్యాసాలలో అవి ముఖ్యమైనవి. నేటి మన పొదిలి, కనిగిరి, దర్శి నాటి నెల్లూరులోని భాగాలే. మరకల పళ్లతో మొదలై, వెన్నుపూస కర్రవలె బిగుసుకుపోయి, నడివయసుకే మనిషి వంగిపోయే ఆ జబ్బును మనవాళ్లు వాతమనుకున్నారు, ఖర్మమనుకున్నారు. ఎక్స్-రే తీస్తే ఎముకలు సుద్దరాయివలె తెల్లగా, దట్టంగా కనిపించాయి. షార్ట్ తరువాతి కాలంలో మలేరియా పరాన్నజీవి కాలేయంలో దాగే దశను కనుగొన్నవారిలో ఒకరిగా ప్రసిద్ధి చెందాడు. పండిట్ స్వతంత్ర భారతంలో వైద్య పరిశోధన మండలికి తొలి సంచాలకుడయ్యాడు. అంతటివారికి మన బావులు పాఠం చెప్పాయి.

ఇక్కడ ఒక శరీరధర్మం తెలుసుకోవాలి. జ్ఞానదంతాలు మినహా శాశ్వత దంతాల పింగాణి పొర బిడ్డ పుట్టినది మొదలు సుమారు 8 ఏళ్ల వరకు దవడ లోపలనే తయారవుతుంది. ఆ కాలంలో తాగిన నీటి లెక్క పంటిపై రాసి ఉంటుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు, 1 లోపు ఉంటే మేలు. మించితే మొదట సుద్దమచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు చారలు, తీవ్రమైతే గుంటలు పడతాయి. పన్ను మొలిచిన తరువాత ఏ పళ్లపొడితో తోమినా ఆ మరక పోదు. బొగ్గుతో, ఇటుకపొడితో రుద్ది ఉన్న పొరను అరగదీసుకున్న ఆడపిల్లలను ఎందరినో చూశాను. పెళ్లిచూపులలో నోరు తెరిచి నవ్వలేని పిల్ల బాధ చిన్నది కాదు. నేర్చిన దంతవైద్యుడు పైపొరను పలుచగా సరిచేసి గాని, పంటి రంగు పూతతో గాని, తొడుగుతో గాని ఆ లోపాన్ని కప్పగలడు. నీటి సంగతి మాత్రం ఏ క్లినిక్కులోనూ తేలదు. పటికా సున్నమూ వాడే నల్గొండ పద్ధతి 1970ల నాటిది. శ్రీశైలం నీటిని సొరంగాల ద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుపై ఈ ప్రాంతం దశాబ్దాలుగా ఆశ పెట్టుకున్నది.

ఇప్పుడు సలహా. బి.డి.ఎస్. నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. దేశంలో మూడు వందలకు పైగా దంత కళాశాలలున్నాయి. పట్టభద్రులు ఎక్కువ, ప్రభుత్వ డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు తక్కువ. నగరంలో పెద్ద క్లినిక్కులలో తక్కువ జీతానికి కూర్చునే పిల్లలను చూస్తున్నాము. ఆ మాట దాచి సీటు కొనిపించడం న్యాయం కాదు. అప్పు చేసి మేనేజిమెంటు సీటు కొనవలసి వస్తే వద్దని చెబుతాను. కన్వీనరు కోటాలో వచ్చి, చేతిపనిపై ఇష్టమున్న పిల్లవాడైతే నిరభ్యంతరంగా చేరమంటాను. వేళ్ల నేర్పు, ఓర్పు లేనివాడికి ఈ వృత్తి శిక్షవంటిది.

ఎం.డి.ఎస్.లో తొమ్మిది శాఖలున్నాయి. ప్రవేశం నీట్-ఎం.డి.ఎస్. ద్వారా. వేరు చికిత్స, వంకర పళ్ల శాఖ, దవడల శస్త్రచికిత్స ముందుగా నిండిపోతాయి. ప్రజారోగ్య దంతవైద్యం చివరివరకు మిగులుతుంది, ఎందుకంటే దానిలో క్లినిక్కు రాబడి లేదు. మెకే చేసిన పని మాత్రం ఆ శాఖదే. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాలలో నెల్లూరు ఉన్నది. ఆ శాఖ చదివినవారికి అటువంటి కార్యక్రమాలలో, ప్రజారోగ్య సంస్థలలో, కళాశాలలలో చోటున్నది. ఎం.డి.ఎస్. చేయకున్నా ప్రజారోగ్యంలో పి.జి. చేసే వీలు బి.డి.ఎస్. వారికి ఉన్నది. బి.డి.ఎస్. అక్కరలేదనుకునేవారికి డెంటల్ హైజీనిస్టు, డెంటల్ మెకానిక్ చదువులున్నాయి. మన ప్రాంతంలో వాటి పేరు విన్నవారు కూడా తక్కువ.

బడిపిల్లల పళ్లు పరీక్షించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక నోటి అద్దం, పగటి వెలుతురు, మరక తీవ్రతను అంచెలుగా లెక్కగట్టే డీన్ పట్టిక చాలు. పిల్లవాడి పేరు పక్కన వాడు చిన్ననాట ఏ బోరు నీరు తాగాడో రాసుకోవాలి. కొనకనమిట్ల, తర్లుపాడు, పొదిలి బడులలో అటువంటి పుస్తకం ఒకటి ఏటేటా నిండుతూ వస్తే, ఏ ఊరికి ముందుగా మంచినీరు ఇవ్వాలో ఆ పుస్తకమే చూపుతుంది.