పాత గొలుసు రంపాల పునరుద్ధరణ

పాత గొలుసు రంపాల పునరుద్ధరణ అనగా, కలప కోత వృత్తిగా గలవారి కోసం గతంలో తయారైన పెట్రోలు గొలుసు రంపాలను విప్పి, శుభ్రపరచి, అరిగిన భాగాలను మార్చి, తిరిగి పనిచేయు స్థితికి తీసుకువచ్చే ప్రక్రియ. గొలుసు రంపాన్ని వాడుకలో చైన్ సా అనీ, చెట్లు కోసే మిషను అనీ అంటారు. ఈ వ్యాసంలో ముఖ్యంగా 1950ల చివరి నుండి 1980ల వరకు తయారైన రెండు స్ట్రోకుల రంపాలలో కలిగే లోపాలు, వాటిని గుర్తించే క్రమం, మరమ్మతు పద్ధతులు, జాగ్రత్తలు వివరించబడ్డాయి.

నేపథ్యం

జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపాన్ని, 1929లో పెట్రోలుతో నడిచే రంపాన్ని తయారుచేశాడు. తొలినాటి రంపాలు ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టుకుంటే గాని కదిలేవి కావు. 1940లలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు, కర్రను తొలిచే పురుగు దవడలు కుడి ఎడమలకు కదిలే తీరును గమనించి, అదే పద్ధతిలో వంపు తిరిగిన పళ్ళు గల గొలుసును రూపొందించాడు. నేటి గొలుసులు చాలావరకు ఆ నమూనా సంతతికి చెందినవే.

1959లో స్టీల్ సంస్థ విడుదల చేసిన కాంట్రా నమూనాలో గేరు పెట్టె లేదు. ఇంజను తిప్పే ఇరుసు నుండే క్లచ్ ద్వారా గొలుసు తిరుగుతుంది. ఆ వంశానికి చెందిన 070 నమూనా, సుమారు 106 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో, అనేక దేశాలలో దీర్ఘకాలం అమ్ముడైంది. స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా సంస్థ కూడా 1959లోనే గొలుసు రంపాల తయారీ ప్రారంభించింది.

ఈ తరం రంపాల శరీరం ఎక్కువగా లోహంతో చేసినది. దాదాపు ప్రతి భాగం మరలు విప్పితే ఊడి వస్తుంది. అందువలన దశాబ్దాలు మూలన పడి ఉన్న రంపం కూడా, సిలిండర్ చెడిపోకుండా ఉంటే, మళ్ళీ పనిలోకి రాగలదు.

పనిచేయు విధానం

ఈ రంపాలలో ఉండేది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం మొదట పిస్టన్ కింద ఉన్న క్రాంక్ గదిలోకి వెళ్ళి, అక్కడి నుండి సిలిండర్‌లోకి చేరుతుంది. కనుక క్రాంక్ గదికి ఎక్కడా గాలి చొరబడే సందు ఉండరాదు. ఇంజనుకు విడిగా కందెన వ్యవస్థ లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే బేరింగులను, పిస్టన్‌ను కాపాడుతుంది.

మోటారు సైకిలు కార్బురేటర్‌లో తేలే బుడ్డి ఉంటుంది. రంపాన్ని పక్కకు, తలకిందులుగా కూడా పట్టుకోవలసి వస్తుంది గనుక దీని కార్బురేటర్‌లో బుడ్డికి బదులు పలుచని పొరలు ఉంటాయి. క్రాంక్ గదిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఒక పొర కదిలి ట్యాంకు నుండి పెట్రోలును లాగుతుంది. మరొక పొర సూది కవాటాన్ని తెరిచి మూస్తూ పెట్రోలు కొలతను నియంత్రిస్తుంది.

తొలి పరీక్ష

పాత రంపం చేతికి రాగానే తాడు లాగి స్టార్టు చేయడానికి ప్రయత్నించడం సాధారణంగా జరిగే తప్పు. పిస్టన్ మీద ఇప్పటికే గీతలు ఉన్న ఇంజనును ఆ విధంగా కొద్ది నిమిషాలు నడిపినా సిలిండర్ లోపలి పూత శాశ్వతంగా పాడవుతుంది. కొన్ని నమూనాలకు అసలు సంస్థ చేసిన కొత్త సిలిండర్ నేడు సులభంగా దొరకదు.

అందుచేత ముందుగా పైనున్న మట్టి, రంపపు పొట్టు తొలగించి సైలెన్సర్‌ను విప్పాలి. ఆ ద్వారం గుండా దీపం వేసి చూస్తే పిస్టన్ పక్క భాగం, రింగులు కనిపిస్తాయి. పిస్టన్ నునుపుగా, తయారీలో పడిన సన్నని అడ్డగీతలతో ఉంటే మంచి స్థితిలో ఉన్నట్లు. నిలువు గీతలు ఉంటే అవి ఉన్న చోటును బట్టి కారణాన్ని ఊహించవచ్చు.

* పొగ వెళ్ళే వైపు మాత్రమే గీతలు ఉంటే, మిశ్రమంలో పెట్రోలు తక్కువై ఇంజను అతిగా వేడెక్కి ఉండవచ్చు.
* చుట్టూ గీతలు ఉంటే, ఆయిలు కలపని పెట్రోలు వాడి ఉండవచ్చు.
* గాలి వచ్చే వైపు మసకబారి అరిగి ఉంటే, చిరిగిన ఫిల్టర్ గుండా దుమ్ము లోపలికి వెళ్ళినట్లు.

కారణం తెలుసుకోకుండా పిస్టన్‌ను మాత్రమే మార్చితే, కొత్త పిస్టన్ కూడా అదే విధంగా చెడిపోతుంది.

లోప నిర్ధారణ

ఇంజను నడవడానికి ఒత్తిడి, నిప్పురవ్వ, ఇంధనం అనే మూడూ కావాలి. వీటిని ఇదే వరుసలో పరీక్షించడం మంచిది.

ఒత్తిడి

స్పార్క్ ప్లగ్ స్థానంలో ఒత్తిడి కొలిచే గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఆగే వరకు తాడు లాగాలి. మంచి స్థితిలో ఉన్న వృత్తి రంపం సాధారణంగా చదరపు అంగుళానికి 150 పౌండ్ల దరిదాపుల్లో చూపుతుంది. 120 కంటే తక్కువైతే రింగులు, సిలిండర్ అనుమానించదగినవి. గేజ్ లేనప్పుడు రంపాన్ని తాడు పిడితో పైకి ఎత్తి చూస్తారు. ఇంజను ఒత్తిడి బాగుంటే రంపం మెల్లగా, ఆగి ఆగి కిందికి దిగుతుంది. ఇది ఉజ్జాయింపు పరీక్ష మాత్రమే.

నిప్పురవ్వ

1970ల నుండి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ క్రమంగా వ్యాపించింది. అంతకు ముందు రంపాలలో పాయింట్లు, కండెన్సర్ ఉండేవి. మన ప్రాంతంలో పాత రెండు స్ట్రోకుల స్కూటర్లు, మోటారు సైకిళ్ళు బాగుచేసిన మెకానిక్‌లకు ఇవి పరిచితమైనవే.

రవ్వ రానప్పుడు మొదట ఇంజను ఆపే స్విచ్ తీగను విడదీసి చూడాలి. ఆ తీగ ఒరుసుకొని శరీరానికి తగలడం తరచుగా కనిపించే లోపం. తరువాత ప్లగ్ మార్చి చూడాలి. అప్పటికీ రాకపోతే ఫ్లైవీల్‌ను తగిన పుల్లర్‌తో తీసి పాయింట్లను పరిశీలించాలి. సుత్తితో కొడితే ఇరుసు చివర, ఫ్లైవీల్ రెండూ చెడతాయి. ఏళ్ళ తరబడి వాడని పాయింట్ల మీద తుప్పు వంటి పొర ఏర్పడుతుంది. దానిని సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడవాలి. పాయింట్ల మధ్య సందు చాలా నమూనాలలో 0.35 నుండి 0.4 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు మధ్య సందును చాలామంది విజిటింగ్ కార్డు దూర్చి సరిచేస్తారు. ఖచ్చితమైన కొలతలకు ఆయా నమూనాల మాన్యువల్ చూడాలి.

పాయింట్ల గదిలో ఆయిలు కనిపిస్తే అది ఇగ్నిషన్ లోపం కాదు. ఆ వైపు క్రాంక్ సీలు కారుతున్నదని అర్థం. ఫ్లైవీల్‌ను నిలిపే చిన్న తాళపు ముక్క తెగి ఉంటే రవ్వ వస్తుంది గాని తప్పు సమయంలో వస్తుంది. అప్పుడు ఇంజను ఎదురు తన్ని తాడును చేతి నుండి లాగుకుంటుంది.

చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక ఆగిపోయే రంపంలో ఆగిన వెంటనే రవ్వను పరీక్షించాలి. రవ్వ లేకుంటే కాయిల్ లేదా కండెన్సర్ లోపం. రవ్వ ఉంటే ట్యాంకు మూత కొద్దిగా వదులు చేసి చూడాలి. దానితో నడిస్తే ట్యాంకులోకి గాలి వెళ్ళే రంధ్రం మూసుకుపోయిందని తెలుస్తుంది.

ఇంధనం

నిల్వ ఉన్న పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్ దారులను మూసివేస్తుంది. పొరలు గట్టిపడతాయి. కార్బురేటర్‌ను విప్పి, లోపలి సన్నని జల్లెడను, సూదిని శుభ్రపరచి, పొరలు, గాస్కెట్లు గల మరమ్మతు కిట్ వేయాలి. పాత రంపాలలో వాడిన టిలాట్సన్, వాల్‌బ్రో కార్బురేటర్లలో అనేక రకాలకు ఇటువంటి కిట్లు నేటికీ లభిస్తాయి. ట్యాంకులోని ఫిల్టర్, రబ్బరు గొట్టం కూడా మార్చాలి. గొట్టాన్ని వంచి చూస్తే గాని పగుళ్ళు కనబడవు.

గాలి చొరబాటు

మామూలు వేగానికి దిగకుండా ఇంజను దానంతట అదే పరుగెత్తడం, పక్కకు వంచితే వేగం మారడం గాలి చొరబాటుకు గుర్తులు. క్రాంక్ సీళ్ళు, కార్బురేటర్ వెనుక రబ్బరు, సిలిండర్ అడుగు గాస్కెట్ ముఖ్యమైన అనుమానిత స్థలాలు. కార్బురేటర్, సైలెన్సర్ ద్వారాలను మూసి, చేతి పంపుతో క్రాంక్ గదిలోకి సుమారు అర బార్ ఒత్తిడి ఎక్కించి, అది నిలుస్తుందో లేదో చూడాలి. పిమ్మట అంతే మేరకు గాలిని లాగి మళ్ళీ చూడాలి. సీలు అంచు లోపలి వైపు తిరిగి ఉండుటచే ఒత్తిడికి బిగుసుకొని, గాలి లాగినప్పుడు మాత్రమే వదిలే అవకాశం కలదు. కాబట్టి రెండు పరీక్షలూ అవసరమే.

సిలిండర్ శుభ్రత

పిస్టన్ నుండి కరిగి సిలిండర్ గోడకు అంటిన అల్యూమినియంను చూసి సిలిండర్ పోయిందని పొరబడరాదు. పూత చెక్కుచెదరకుండా ఉంటే దానిని తొలగించవచ్చు. నికెల్ పూత గల సిలిండర్లలో కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని దూది పుల్లతో అంటిన చోట మాత్రమే రాసి, నురుగు ఆగగానే నీటితో కడుగుతారు. క్రోమియం పూతను ఈ ఆమ్లం తినివేస్తుంది. పూత లేచిపోయిన చోట కింది అల్యూమినియంను కూడా తింటుంది. అందువలన అనుభవం లేనివారికి సన్నని ఎమరీ కాగితంతో ఓపికగా రుద్దడమే క్షేమకరం. గోరు తగిలే గుంట ఉంటే ఆ సిలిండర్‌ను మార్చవలసిందే.

రంపాల శరీరం చాలావరకు మెగ్నీషియం మిశ్రమలోహం. దాని పొడి సులభంగా అంటుకుంటుంది, మండుతుండగా నీరు పోస్తే మంట పెరుగుతుంది. అందుచేత ఆకురాయితో రుద్దిన రజనును ఎప్పటికప్పుడు తీసివేయాలి.

కార్బురేటర్ సర్దుబాటు

కార్బురేటర్‌కు సాధారణంగా తక్కువ వేగానికి ఒకటి, ఎక్కువ వేగానికి ఒకటి చొప్పున రెండు మరలు ఉంటాయి. రెండింటినీ మెల్లగా మూసి, సుమారు ఒక చుట్టు తెరిచి ప్రారంభిస్తారు. ఎక్కువ వేగపు మరను మూసేకొద్దీ పెట్రోలు తగ్గి, ఇంజను శబ్దం సన్నగా, శుభ్రంగా, బలంగా వినిపిస్తుంది. కొత్తవారు ఇదే మంచి స్థితి అని భావిస్తారు. నిజానికి పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తగ్గిపోయి పిస్టన్ కాలిపోయేది ఈ స్థితిలోనే. ఖాళీగా పూర్తి వేగంలో నడుస్తున్నప్పుడు శబ్దం కాస్త గరగరమని, కర్రలో దిగగానే శుభ్రపడేటట్లు మరను ఉంచాలి. నేటి రంపాలు అందుకునే నిమిషానికి 12,000 నుండి 14,000 చుట్ల వేగాన్ని పాత పెద్ద ఇంజనుల నుండి ఆశించరాదు.

పెట్రోలు, ఆయిలు

పాత మాన్యువళ్ళలో 25 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు ఆయిలు వంటి చిక్కని కొలతలు కనిపిస్తాయి. అవి ఆనాటి ఆయిళ్ళకు సంబంధించినవి. నేటి నాణ్యమైన రెండు స్ట్రోకుల ఆయిలుకు 50:1 సాధారణ కొలత, అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. పాత రంపాలకు కొందరు 40:1 వాడతారు. చిక్కని మిశ్రమానికి మారినప్పుడు కార్బురేటర్‌ను మళ్ళీ సర్దాలి.

భారతదేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో ప్రవేశించి, 2025 నాటికి దేశమంతటా సాధారణమైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది, మిశ్రమంలో పెట్రోలు పాలును తగ్గిస్తుంది. కనుక మిశ్రమాన్ని తక్కువ మోతాదులో కలిపి త్వరగా వాడుకోవడం, పని ముగిశాక ట్యాంకును ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలినది అయిపోయే వరకు ఇంజను నడపడం మంచి అలవాట్లు.

గొలుసు, బార్

గొలుసు పళ్ళు పదునుగా ఉంటే కర్ర నుండి పెద్ద పొట్టు రేకులు వస్తాయి, మొద్దుబారితే పిండి వంటి పొడి వస్తుంది. కోత ఒక పక్కకు వంగితే ఒకవైపు పళ్ళు రెండవవైపు కంటే పొట్టిగా ఉన్నాయనో, బార్ అంచు అరిగిందనో భావించాలి. ఆకురాయి మందం గొలుసు కొలతను బట్టి ఉంటుంది. పెద్ద రంపాల 0.404 అంగుళాల గొలుసుకు 5.5 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి వాడతారు. అరిగిన పళ్ళచక్రం మీద కొత్త గొలుసు వేస్తే గొలుసు త్వరగా చెడుతుంది. బార్‌కు ఆయిలు అందుతున్నదో లేదో చూడటానికి, రంపపు కొనను తెల్లని మొద్దుకు దగ్గరగా ఉంచి నడిపితే ఆయిలు చార పడాలి. క్లచ్ సాధారణంగా ఎడమ మరతో బిగించి ఉంటుంది. మామూలు దిశలో విప్పబోతే మర తెగుతుంది.

భద్రత

1970లకు ముందు తయారైన అనేక రంపాలకు గొలుసు బ్రేకు, తెగిన గొలుసును పట్టే కొక్కెం ఉండవు. 070 కూడా సాధారణంగా గొలుసు బ్రేకు లేకుండానే అమ్ముడైంది. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం క్షణంలో కోసేవాని ముఖం వైపు ఎగురుతుంది. ఈ ఎదురు తన్నుడును చేతి బలంతో ఆపడం అసాధ్యం. ఇంజను ఎంత బాగా పునరుద్ధరించినా రంపంలో అసలు లేని రక్షణ పుట్టుకురాదు. కాబట్టి ఇటువంటి వాటిని ప్రదర్శనకు పరిమితం చేసి, రోజువారీ కోతకు బ్రేకు గల రంపాన్ని వాడటం ఉచితం. 2014లో విశాఖపట్నంలో హుద్‌హుద్ తుపాను తరువాత వలె, వంగి ఒత్తిడిలో ఉన్న చెట్లను కోయవలసి వచ్చినప్పుడు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

కంపనాన్ని తగ్గించే రబ్బర్లు లేని రంపాలను ఏళ్ళ తరబడి వాడినవారిలో వేళ్ళు తెల్లబడి స్పర్శ తగ్గే వ్యాధి కలుగుతుంది. మరమ్మతు తరువాత రంపాన్ని మూసిన గదిలో నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. హెల్మెట్, ముఖ కవచం, చెవి రక్షణ, కాళ్ళకు కోత నిరోధక దుస్తులు తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి అవసరమని కూడా గుర్తుంచుకోవాలి.

ఇవి కూడా చూడండి

* రంపం
* అంతర్దహన యంత్రం
* కార్బురేటర్
* స్పార్క్ ప్లగ్