ప్రాపర్టీస్ ఫైలు నడిచిన దారి

1996లో జావా తొలి విడుదల నాటికే అందులో అక్షరమంటే యూనికోడ్ అక్షరం. తెలుగు 1991 నుంచే యూనికోడ్‌లో ఉంది. అయినా తెరమీద కనిపించే మాటల్ని ఎక్కడ దాచాలో ఆ విడుదల చెప్పలేదు. బటన్ పేరైనా, ఎర్రర్ సందేశమైనా కోడ్ మధ్యలోనే ఉండేది. మరో భాషలోకి మార్చాలంటే కోడ్‌ను తవ్వి, మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

1997 ఫిబ్రవరిలో వచ్చిన జేడీకే 1.1 ఈ చిక్కు విప్పింది. ఆపిల్, ఐబీఎం కలిసి పెట్టి, తర్వాత ఐబీఎం చేతికి వచ్చిన టాలిజెంట్ ఇంజనీర్ల పని ఇందులో చాలా ఉంది. అది తెచ్చిన రిసోర్స్ బండిల్ ఏర్పాటు తేలికైనది. మాటలు కోడ్ బయట, ప్రాపర్టీస్ ఫైలులో ఉంటాయి. ప్రతి వాక్యానికీ ఒక కీ, పక్కన ఈక్వల్ గుర్తు, ఆపైన వాక్యం. ఫైలు మూల పేరుకు అండర్‌స్కోర్‌తో ‘టీఈ’ చేరిస్తే అది తెలుగు ఫైలు. అందులో కీ దొరక్కపోతే జావా మూల ఫైలులో వెతుకుతుంది. అందువల్ల సగం అనువాదమే పూర్తయినా ప్రోగ్రామ్ నడుస్తుంది.

యూనిక్స్ లోకంలో అప్పటికే వాడుకలో ఉన్న గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఇంగ్లీషు వాక్యమే కీ. అక్కడ ఒక కామా మారినా అనువాదాలను మళ్లీ సరిచూడాలి. జావా కీని వాక్యం నుంచి విడదీయడం మంచి నిర్ణయమని నా గట్టి నమ్మకం. కాకపోతే ‘సందేశం27’ లాంటి కీ చూసి అది ఏ తెరలోని మాటో అనువాదకులు పోల్చుకోలేరు. తెర పేరు, భాగం పేరు చుక్కలతో కలిపి కీ రాసే అలవాటు అందుకే ఇంత విలువైనది.

అసలు బాధ వేరేచోట ఉంది. ప్రాపర్టీస్ ఫైలును జావా, తెలుగు అక్షరాలు లేని లాటిన్-1గానే చదివేది. ‘త’ రాయాలంటే బ్యాక్‌స్లాష్, యు, ఆపైన 0సి24 అని కొట్టాలి. ‘తెలుగు’ అన్న మాటలో యూనికోడ్ గుర్తులు 6. ఫైలులో అవి 36 అక్షరాలయ్యేవి. మార్చిపెట్టడానికి నేటివ్2ఆస్కీ అనే పనిముట్టును జేడీకేతోనే ఇచ్చారు. కానీ ఒక్క దీర్ఘం దిద్దాలన్నా ఫైలును వెనక్కి మార్చి, దిద్ది, మళ్లీ మార్చాలి. తాము రాసిన వాక్యాన్ని తామే చదువుకోలేని స్థితి అనువాదకులది. 2006లో జావా 6 కొంత వెసులుబాటు ఇచ్చింది. బండిళ్లను యూటీఎఫ్-8గా చదవడం 2017లో జావా 9తో వచ్చింది, నేటివ్2ఆస్కీ అప్పుడే సెలవు తీసుకుంది. 20 ఏళ్లు! ఇంత చిన్న మార్పుకు అంత కాలం పట్టడం అన్యాయం.

2008లో వచ్చిన ఆండ్రాయిడ్‌లో ఈ బాధ లేదు. భాషకో ఫోల్డరు, అందులో ఎక్స్‌ఎంఎల్ ఫైలు. తెలుగును తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు.

వ్యాకరణం మాత్రం ఇంకా తెగని ముడి. జావాలో సందేశాలను కూర్చే మెసేజ్ ఫార్మాట్‌లో ఖాళీలను ఏ వరుసలోనైనా పెట్టుకోవచ్చు కాబట్టి క్రియను వాక్యం చివరికి తేవడం కష్టం కాదు. సంఖ్యలకు ఛాయిస్ ఫార్మాట్ ఉంది. తెలుగుకు ‘1 ఫైలు, 2 ఫైళ్లు’ అని రెండు రూపాలు చాలు కనుక అది సరిపోతుంది. 21కి కూడా ఏకవచన రూపం వాడే రష్యన్‌కు సరిపోదు. మన ఇబ్బంది లింగం దగ్గర. రవి చేరాడు, సీత చేరింది. టాలిజెంట్ పని నుంచే ఎదిగి 1999లో ఓపెన్ సోర్స్ అయిన ఐసీయూ లైబ్రరీలో ఇలాంటి రూపాలను ఎంచుకునే వీలు తర్వాత వచ్చింది. జావా సొంత మెసేజ్ ఫార్మాట్‌లో ఆ వీలు లేదు. అందరికీ ‘చేరారు’ అని రాస్తే బ్యాంకు యాప్‌లో మర్యాదగానే ఉంటుంది. పిల్లల ఆటలో అది బిగుసుకుపోయినట్టుంటుంది. అక్కడ ఐసీయూను వాడి, పేరుతోపాటు లింగాన్నీ సందేశానికి అందించే పని కోడ్ రాసేవాళ్లే చేయాలి.