లూసెర్న్ సరస్సు: విహార విశేషములు

మధ్య స్విట్జర్లాండునందు, ఆల్ప్సు పర్వతశ్రేణి ఉత్తరపు అంచున, సముద్రమట్టమునకు 434 మీటర్ల యెత్తున, ఊరి, ష్వీజ్, ఉంటర్వాల్డెన్, లూసెర్న్ అను నాలుగు సీమల తీరములను స్పృశించుచు విస్తరిల్లిన జలాశయము లూసెర్న్ సరస్సు. దీని వైశాల్యము సుమారు 114 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట నీరు 214 మీటర్లుండును. పూర్వయుగములందు హిమానీనదములు తొలిచిన లోయలే నీటితో నిండి యేర్పడినదగుటచే, ఇది ఒకే తీరున సాగక పలు బాహువులుగా చీలి, మలుపు మలుపునకును వేరొక గిరిశిఖరమును చూపరుల యెదుట నిలుపుచుండును. రాయిస్ నది దక్షిణమున ఊరి సీమలో సరస్సున ప్రవేశించి, వాయవ్యమున లూసెర్న్ నగరముకడ వెలువడును.

ఆ నదిపై 14వ శతాబ్దియందు కట్టిన కప్పుగల దారువంతెన నగరమునకు ముఖ్యాలంకారము. కప్పు క్రింది త్రికోణ ఫలకములపై 17వ శతాబ్ది చిత్రకారులు నగర చరిత్రను, పుణ్యపురుషుల గాథలను లిఖించిరి. 1993 ఆగస్టులో సంభవించిన అగ్నిప్రమాదమున వంతెనలో అధికభాగమును, ఆ చిత్రములలో పెక్కింటిని కోల్పోవలసివచ్చెను; వంతెనను మరుసటి యేటనే పునర్నిర్మించిరి గాని, కాలిపోయిన మూలచిత్రములు మరల లభింపవు గదా. 1792లో పారిసునందు ఫ్రెంచిరాజు పక్షమున పోరి మడిసిన స్విస్ సైనికుల స్మృత్యర్థము, థోర్వాల్డ్‌సెన్ అను డేనిష్ శిల్పి రూపకల్పన ననుసరించి కొండరాతిలో మలచిన మరణోన్ముఖ సింహము మరియొక దర్శనీయము. సంగీతప్రియులు 1866 మొదలు 1872 వరకు స్వరకర్త వాగ్నర్ నివసించిన ట్రిబ్షెన్ గృహమును, బాలబాలికలు 1959లో నెలకొల్పిన రవాణా ప్రదర్శనశాలను చూచుట యుక్తము.

ఐనను ఈ సరస్సును తీరమున నిలిచి చూచినవాడు సగమే చూచినవాడు. 1901, 1928 సంవత్సరముల నడుమ నీటిలో ప్రవేశించిన ఐదు ఆవిరి నావలు నేటికిని వేసవిలో యాత్రికులను చేరవేయుచున్నవి. వాని నడిమి భాగమున నిలిచినచో, మెఱుగుపెట్టిన ఉక్కుకడ్డీలు పెనుచక్రములను త్రిప్పు విధమును కన్నులార చూడవచ్చును. లూసెర్న్ నుండి దక్షిణాగ్రమున నున్న ఫ్లూయెలెన్ వరకు ప్రయాణము సుమారు మూడు గంటలు. దారిలో ఫిట్స్‌నౌ రేవున దిగినవారు, 1871లో నిక్లౌస్ రిగ్గెన్‌బాఖ్ నిర్మించిన పండ్లపట్టాల రైలులో 1,798 మీటర్ల రిగి శిఖరమునకు చేరుదురు. ఐరోపాలో కొండనెక్కిన ఇట్టి రైళ్లలో ఇదియే ప్రథమము. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1842లో ఈ కొండను వేర్వేరు వేళలందలి వెలుగులలో నీటిరంగులతో చిత్రించెను. సూర్యోదయమును తిలకింపగోరువారు నేటికిని శిఖరమందే రాత్రి బస చేయుదురు. ఎదుటి తీరమున ఆల్ప్నాఖ్‌ష్టాడ్ నుండి పిలాటుస్ పర్వతమునకు 1889లో వేసిన మార్గము గరిష్ఠముగా నూటికి 48 వంతుల వాలున సాగుచు, ఈ తరగతి రైలుమార్గములలో లోకమందెల్ల నిట్టనిలువైనదిగా ప్రసిద్ధి గాంచినది.

బ్రున్నెన్ రేవు దాటి నావ దక్షిణమునకు తిరిగిన క్షణమున దృశ్యము మారిపోవును. ఇరువైపుల శిలాభిత్తులు నేరుగా నీటిలోనికి దిగును, పల్లెలు విరళములగును, జలము ముదురు పచ్చదనము వహించును. స్విస్ జాతీయ గాథలకు జన్మస్థలమీ బాహువే. 1291లో మూడు సీమలవారు స్వాతంత్ర్య ప్రతిజ్ఞ చేసిరని ఐతిహ్యము చెప్పు ర్యూట్లి పచ్చిక బయలును, గాథావీరుడు విలియం టెల్ తన్ను బంధించినవారి పడవ నుండి తీరమునకు దుమికెనని చెప్పు చోట వెలసిన ప్రార్థనామందిరమును ఇచ్చటనే కలవు. ఆ వీరుని కథను 1804లో నాటకముగా రచించి లోకమునకెల్ల చాటిన జర్మను మహాకవి షిల్లర్ ఈ దేశమున ఎన్నడును అడుగిడలేదు. అయినను కృతజ్ఞులైన ప్రజలు నీటినుండి నిలువుగా లేచిన ఒక శిలపై ఆయన నామమును స్వర్ణాక్షరములతో చెక్కించిరి. 1991లో స్విస్ సమాఖ్యకు ఏడువందల యేండ్లు నిండిన సందర్భమున ర్యూట్లి నుండి బ్రున్నెన్ వరకు 35 కిలోమీటర్ల కాలిబాట తీర్చిరి. అందు ఒక్కొక్క పౌరునికి ఐదు మిల్లీమీటర్ల చొప్పున లెక్కించి, జనసంఖ్యననుసరించి ఆయా సీమలకు భాగములు పంచిరి.

వేసవిలో తీరగ్రామములందు ఈతరేవులు తెరచియుండును. దక్షిణమునుండి 'ఫోన్' అను వెచ్చని కొండగాలి ప్రచండముగా వీచు దినములందు మాత్రము దక్షిణ బాహువున చిన్నపడవలతో సాహసింపరాదు. భోజనమున ఉడికించిన ఆలుగడ్డ, మాకరోని, జున్ను, మీగడ కలిపి, ఆపిలు గుజ్జుతో వడ్డించు కొండకాపరుల వంటకము శాకాహారులకును అనుకూలమే. ఒక్క దినము మాత్రమే తీరిక గలవారు శిఖరారోహణమును విడిచియైనను ఫ్లూయెలెన్ వరకు నావపై పోయివచ్చుట మేలు.