పురానీ హవేలీ బీరువాలు

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు పురానీ హవేలీలో ఇప్పటికీ ఉన్నాయి. రెండంతస్తుల్లో, ఈ చివర నుంచి ఆ చివరదాకా టేకు తలుపులే. ఒకసారి తొడిగింది మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. 1891లో జాకబ్ వజ్రానికి 23 లక్షలు ముందే కట్టి, తర్వాత వద్దనుకుని, కలకత్తా కోర్టుదాకా వెళ్ళాడు. ఆయన పోయాక ఆ వజ్రం చెప్పు ముందుభాగంలో కొడుక్కి దొరికిందట! ఆ దగ్గర్లోనే సాలార్‌జంగ్ మ్యూజియం. అందులో చాలాభాగం మూడో సాలార్‌జంగ్ (1889-1949) పోగుచేసినవే. పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాం. రసజ్ఞత అంటాం.

వాళ్ళకి జబ్బుందని నేననడం లేదు. ఎక్కువ కొనడమే జబ్బు కాదు. వద్దనుకుంటూనే కొనడం, కొన్నాక సిగ్గుపడి దాచడం, అప్పుల్లో దిగి కూడా ఆగలేకపోవడం - జబ్బు అక్కడ ఉంది. జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ వందేళ్ళ కిందటే దీనికి ఓనియోమేనియా అని పేరు పెట్టాడు.

పత్తర్‌గట్టీ వెనక గల్లీలో నాకు తెలిసిన ఒక ఆపా బీరువాలో ధర చీటీ కూడా తీయని సూట్లు గుట్టలుగా ఉండేవి. "మడత విప్పగానే మనసు చచ్చిపోతుంది, మళ్ళీ బజారుకి పోవాలనిపిస్తుంది" అనేది. గాజులు కుదువకెళ్ళాక గానీ ఇంట్లో తెలియలేదు. తెలిశాక వినిపించిన మాట ఒకటే: ఆడవాళ్ళ పిచ్చి.

2006లో అచ్చయిన ఒక అమెరికా సర్వేలో ఈ సమస్య ఆడవాళ్ళలో 6 శాతం, మగవాళ్ళలో 5.5 శాతం. దాదాపు సమానమే. వైద్యానికి వచ్చేది మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళు. మగవాడి కొనుగోలుని ఇల్లు లెక్క అడగదు, అందుకేననిపిస్తుంది నాకు. తనకోసం ఒక చీర కొనుక్కున్న కోడల్ని కూడా ఇదే పేరుతో తిట్టే ఇళ్ళున్నాయి. అది జబ్బు కాదు, పెత్తనం.

మన ఊళ్ళో ఎర్రగడ్డ పేరెత్తితేనే తిట్టు. అందుకే ఆపా చాలాకాలం కదల్లేదు. చివరికి 14416కి, అంటే 2022లో మొదలైన టెలీ మానస్‌కి, ఫోన్ చేసింది. డబ్బు అడగరు, తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడతారు. వాళ్ళు పంపిన డాక్టరు ముందు ఆమె దిగులుకి మందిచ్చాడు. తర్వాత కౌన్సెలింగు: బజారు గుర్తొచ్చినప్పుడల్లా ఆ క్షణంలో మనసులో ఏముందో రాయాలి, ఒకరోజు ఆగాలి, ఏటీఎం కార్డు చెల్లెలి దగ్గరుంచాలి. రాసుకుంటే తేలింది, మధ్యాహ్నాలు ఇల్లు ఖాళీ అయినప్పుడే కాళ్ళు లాడ్‌బజార్ వైపు లాగుతున్నాయని. ఇప్పుడా వేళకి పక్కింటి పిల్లలకి కుట్టు నేర్పుతోంది. అప్పుడప్పుడూ జారుతుంది కూడా. గాజుల్లో రెండు ఇంకా విడిపించాలి.